ఇంట్లో చూసిన సినిమా గురించి నలుగురికీ చెప్పాలంటే

"బాగుంది, ఒకసారి చూడొచ్చు." ఈ మాట విన్నవాళ్లకి సినిమా గురించి తెలిసేది ఏమీ లేదు, చెప్పినవాళ్లు మర్యాదస్తులని మాత్రం అర్థమవుతుంది. అభిప్రాయం అవతలివాళ్లకి అక్కరకు రావాలంటే అందులో మూడు సంగతులు ఉండాలి: ఏది చూశారు, ఎలా చూశారు, ఏ సీను దగ్గర ఏమనిపించింది. థియేటర్లో చూసిన సినిమాకి రెండోది అంతగా అక్కర్లేదు, అందరూ దాదాపు ఒకేలా చూస్తారు కాబట్టి. ఇంట్లో అలా కాదు. టీవీ సెట్టింగు, చేతిలో ఫోను, మధ్యలో మోగిన కాలింగ్ బెల్లు, అన్నీ సినిమాలో కలిసిపోతాయి. తీరా రాయడానికి కూర్చుంటే తప్పంతా డైరెక్టర్ మీదకి వెళ్తుంది.

ముందు ఏది చూశారో రాయండి

పేరు, విడుదలైన సంవత్సరం, ఏ భాష ఆడియో, సబ్‌టైటిల్స్ ఉన్నాయా లేదా. ఇది ఒక్క లైను పని. సంవత్సరం ఎందుకంటే ఒకే పేరుతో రెండు మూడు సినిమాలు ఉండటం మామూలే. రీమేక్ చూసి పొగిడితే, చదివినవాళ్లు పాతది వెతుక్కుని చూసి మిమ్మల్ని తిట్టుకుంటారు.

ఒకే సినిమాకి రెండు మూడు వెర్షన్లు ఉంటే ఏది చూశారో చెప్పడం ఇంకా ముఖ్యం. 'బ్లేడ్ రన్నర్' 1982లో థియేటర్లకి వచ్చినప్పుడు హీరో గొంతు కథ చెబుతూ ఉంటుంది. 1992 డైరెక్టర్స్ కట్‌లో (డైరెక్టర్ కోరుకున్న తీరులో కూర్చిన వెర్షన్లో) ఆ వాయిస్ ఓవర్ లేదు, ముగింపూ వేరు. 2007లో ఫైనల్ కట్ అని మరొకటి వచ్చింది. "హీరో మాటలతో అంతా విడమర్చి చెప్పేశారు" అని ఒకరు, "ఏమీ చెప్పకుండా వదిలేశారు" అని ఇంకొకరు వాదించుకుంటుంటే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. 1957 నాటి 'మాయాబజార్' 2010లో రంగుల్లోనూ వచ్చింది. మార్కస్ బార్ట్‌లీ కెమెరా గురించి, వెలుగునీడల గురించి రాసేవాళ్లు నలుపు తెలుపులో చూశారో రంగుల్లో చూశారో చెప్పకపోతే ఆ మాటలకి ఆధారం ఉండదు.

నిడివి తేడా కనిపించగానే సీన్లు కోసేశారని రాసేయకండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములతో, అంటే 24 విడి బొమ్మలతో నడుస్తుంది. టీవీలకి సెకనుకి 25 ఫ్రేముల పద్ధతి ఉన్న దేశాల కోసం చేసిన పాత డీవీడీల్లో అదే సినిమా కాస్త వేగంగా పరిగెడుతుంది. 150 నిమిషాల సినిమా 144 నిమిషాలకే అయిపోతుంది, ఒక్క సీను కూడా పోకుండానే. టీవీ ఛానల్లో వచ్చినది చూస్తే మాత్రం కోతలు నిజంగానే ఉండొచ్చు కాబట్టి ఆ సంగతి రాయండి.

తప్పు సినిమాదా, టీవీదా

ఇంట్లో చూసి రాసేవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. కొన్ని ఫిర్యాదులు వినగానే ముందు టీవీని అనుమానించాలి.

"సినిమాలా లేదు, సీరియల్‌లా ఉంది, చీప్‌గా తీశారు." చాలా టీవీల్లో రెండు అసలు ఫ్రేముల మధ్య టీవీయే సొంతంగా కొత్త ఫ్రేములు పుట్టించి కదలికని నునుపు చేసే సదుపాయం ఉంటుంది. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ అంటూ ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. అది ఆన్‌లో ఉంటే కోట్లు పోసి తీసిన సెట్టు కూడా స్టూడియోలో తీసిన సీరియల్‌లా కనిపిస్తుంది. పిక్చర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపేయండి. 2019లో ప్రకటించిన ఫిల్మ్‌మేకర్ మోడ్ మీ టీవీలో ఉంటే అది పెట్టుకుంటే చాలు, నునుపు చేయడం దానంతటదే ఆగిపోతుంది. ఆపిన తర్వాత అదే సీను రెండు నిమిషాలు మళ్లీ చూడండి. అప్పటికీ చీప్‌గానే అనిపిస్తే ధైర్యంగా రాయొచ్చు.

"డైలాగులు వినపడలేదు, బీజీఎం మింగేసింది." 5.1 మిక్సింగులో, అంటే ఆరు ఛానళ్లుగా విడదీసిన ఆడియోలో, మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్లోంచి వస్తాయి. టీవీకి ఉండేవి సాధారణంగా రెండే స్పీకర్లు. ఆరు ఛానళ్ల శబ్దాన్ని రెండింట్లో కుదించేటప్పుడు మాటలు అడుగున పడిపోతాయి. ఆడియో ట్రాకుల జాబితాలో స్టీరియో ఉంటే అది ఎంచుకోండి, లేకపోతే టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌ని పీసీఎం అనే ఎంపికకి మార్చి చూడండి. నైట్ మోడ్ లాంటిది ఉంటే పెద్ద శబ్దాలు తగ్గి మాటలు పైకొస్తాయి, కానీ అది ఆన్ చేసి చూసినవాళ్లు సౌండ్ డిజైన్ గురించి తీర్పు ఇవ్వకపోవడం మంచిది. హెచ్చుతగ్గులన్నీ చదును చేసేసి విన్నారు కదా.

"డబ్బింగ్ దారుణం, పెదాలకీ మాటకీ పొంతన లేదు." బ్లూటూత్ హెడ్‌ఫోన్లో, బ్లూటూత్ సౌండ్‌బార్‌లో వింటే శబ్దం సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఆలస్యంగా రావడం మామూలే. తేల్చుకోవడం తేలిక: ఎవరైనా తలుపు వేసే సీనో, చప్పట్లు కొట్టే సీనో పెట్టి చూడండి. తలుపు పడిన తర్వాత చప్పుడు వినిపిస్తే తప్పు డబ్బింగుది కాదు. చప్పుడు సరిగ్గా పడి మాటలు మాత్రమే తేడాగా ఉంటే అప్పుడు డబ్బింగుని అనండి.

"అంతా చీకటి, ఏమీ కనపడలేదు." గదిలో లైటు ఆర్పి, టీవీలో కరెంటు ఆదా చేసే మోడ్ తీసేసి చూస్తే సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి. చీకట్లో, పొగమంచులో, సాయంత్రం ఆకాశంలో రంగు మెల్లగా మారాల్సిన చోట మెట్లుమెట్లుగా చారలు కనిపిస్తే అది చాలావరకు నెట్ ద్వారా వచ్చే వీడియోని బాగా కుదించడం వల్ల వచ్చిన జబ్బు. ఫోన్లో డేటా సేవర్ పెట్టుకుని చూసి సినిమాటోగ్రఫీ గురించి రాయడం అన్యాయం.

ఫ్రేమింగ్ సంగతి కూడా ఇంతే. 2.39:1 వెడల్పుతో తీసిన సినిమా 16:9 టీవీలో పైనా కిందా నల్లటి పట్టీలతో వస్తుంది. పట్టీలు నచ్చక జూమ్ చేసి తెర నింపేస్తే రెండు పక్కలా కలిపి బొమ్మలో నాలుగో వంతు పోతుంది. మాట్లాడుకునే ఇద్దరిలో ఒకరి ముఖం సగమే కనిపిస్తుంది. చూసినవాళ్లు "కెమెరామన్‌కి ఫ్రేమ్ పెట్టడం రాదు" అని రాస్తారు. పాత 4:3 సినిమాని సాగదీసి నింపితే ముఖాలన్నీ మూడో వంతు లావెక్కుతాయి.

ఇక స్పీడు పెంచి చూడటం. 140 నిమిషాల సినిమాని 1.25 వేగంతో చూస్తే 112 నిమిషాల్లో అయిపోతుంది. ఎలా చూడాలన్నది మీ ఇష్టం. కానీ అలా చూశాక టైమింగ్ మీద, కామెడీ మీద, ల్యాగ్ ఉందా లేదా అన్నదాని మీద మీరు చెప్పే మాట చెల్లదు. మాటకీ మాటకీ మధ్య ఉన్న విరామంలోనే కామెడీ ఉంటుంది, దాన్ని మీరే కోసేశారు.

ఇవన్నీ రాయాలా అంటే అక్కర్లేదు. తేడా పడేంతది ఒకటి ఉంటే ఒక్క ముక్కలో చెప్పండి: "రెండు రాత్రులుగా చూశాను, హెడ్‌ఫోన్లో, తెలుగు డబ్బింగ్." అంతే. రెండు విడతలుగా చూడటం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. నలభయ్యో నిమిషంలో ఆపి మర్నాడు మొదలుపెడితే మొదట్లో నాటిన చిన్న చిన్న ఆనవాళ్లు మర్చిపోయి ఉంటారు. క్లైమాక్స్‌లో అవి తిరిగొచ్చినప్పుడు "ఇదెక్కణ్నుంచి ఊడిపడింది" అనిపిస్తుంది.

చూస్తూ ఏం రాసుకోవాలి

తక్కువ. సినిమా మొత్తానికి ఐదారు గుర్తులు చాలు, ఒక్కోటి టైము, రెండు మూడు మాటలు: "47, మెట్ల మీద గొడవ", "1:12, పాట ఎందుకు?" ఇంకా ఎక్కువ రాస్తే మీరు సినిమా చూడటం మానేసి మీటింగ్ మినిట్స్ రాస్తున్నట్టు. పాజ్ చేసి రాయకండి, పాజ్ చేసిన ప్రతిసారీ సీను ఊపు తెగుతుంది. చీకట్లో గీసిన గీతలే చాలు, టైము ఉంది కాబట్టి తర్వాత వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు.

సినిమా అయిపోగానే, ఇతరుల రివ్యూలు చూడకముందే, మూడు లైన్లు రాసి పక్కన పెట్టండి. ఈ వరుస ముఖ్యం. ఒక్క రివ్యూ చదివితే చాలు, అందులోని మాటలు మీ నోట్లోకి వచ్చేస్తాయి, తర్వాత ఏది మీదో ఏది వాళ్లదో విడదీయలేరు. పాత్రల పేర్లు కూడా అప్పుడే రాసుకోండి, వారం తర్వాత గుర్తుండవు.

ఒక సీను పట్టుకోండి

ఇల్లు అమ్మే విషయంలో అన్నదమ్ములు గొడవపడే కథ ఒకటి ఉందనుకుందాం. చూసినాయన ఇలా రాశాడు:

"ఫస్టాఫ్ ఓకే. సెకండాఫ్ ల్యాగ్. ఎమోషన్ కనెక్ట్ కాలేదు. యాక్టింగ్ సూపర్, బీజీఎం బాగుంది."

ఈ ఐదు ముక్కల్నీ ఏ సినిమా కింద పెట్టినా సరిపోతాయి. అదే వీటి జబ్బు. ఇప్పుడు అదే అభిప్రాయం ఇలా:

"ఇల్లు కొనేవాళ్లు చూడ్డానికొచ్చిన సీను దాకా కదలకుండా చూశాను. పెద్దాడు గదులు చూపిస్తూ ముందు నడుస్తుంటాడు. చిన్నాడు వెనకే వస్తూ అన్న వేసిన లైట్లు ఒక్కొక్కటే ఆర్పేస్తుంటాడు. ఒక్క మాట లేదు, ఇద్దరికీ ఎక్కడ చెడిందో మొత్తం తెలిసిపోతుంది. ఆ తర్వాత అరగంటలో అదే గొడవని మూడుసార్లు మాటల్లో చెప్పించారు: లాయరుతో, చెల్లెలితో, చివరికి ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి. నేను అక్కడే జారిపోయాను."

"ల్యాగ్" అన్న మాట పోయి దాని స్థానంలో కారణం వచ్చింది. చదివేవాళ్లు తేల్చుకోగలరు: మాటలతో నడిచే సీన్లు ఇష్టపడేవాళ్లకి ఆ మూడు సంభాషణలే సినిమాలో మంచి భాగం కావచ్చు. మీకు నచ్చని కారణం ఇంకొకరికి నచ్చే కారణం అయ్యేంత వివరంగా రాస్తే, ఆ అభిప్రాయం తయారైనట్టే.

దీన్ని రాబట్టడానికి మిమ్మల్ని మీరు వరుసగా అడగాల్సినవి మూడు ప్రశ్నలు. ఎక్కడ అనిపించింది? అప్పుడు తెర మీద ఏం జరుగుతోంది? దానివల్ల నాకేమైంది? ఎక్కువమంది మూడోదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

రాసే ముందు ఆ సీను మళ్లీ పెట్టి చూడండి. ఇంట్లో చూడటంలో ఉన్న పెద్ద లాభం ఇదే, వాడుకోకపోతే దండగ. జ్ఞాపకం సొంతంగా కల్పించేస్తుంది: చెల్లెలు ఏడ్చిందని గట్టిగా గుర్తుంటుంది, తీరా చూస్తే ఆమె తల తిప్పుకుంటుంది అంతే, ఏడ్చింది మీరు. "పది నిమిషాల ఫైటు" అనుకున్నది గడియారం పెట్టి చూస్తే నాలుగే ఉంటుంది. రాయాల్సింది నాలుగు నిమిషాలని, పదిలా అనిపించిందని.

బీజీఎం గురించి రాయాలంటే అదే సీనుని ఒకసారి మ్యూట్ చేసి చూడండి. మామూలుగా ఉన్న సీను సంగీతం వల్ల భయపెడుతోందా, లేక సీనులోనే భయం ఉండి సంగీతం దాన్ని రెండోసారి చెబుతోందా, రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఎవరి పని ఎవరిది

సినిమా బోరు కొడితే "ఎడిటింగ్ బాలేదు" అనేయడం అలవాటైపోయింది. ఎడిటర్ చేతికి వచ్చేది తీసిన ఫుటేజి మాత్రమే, రాయని సీనుని ఆయన పుట్టించలేడు. ఒక మోటు పరీక్ష ఉంది, ప్రతిసారీ పనిచేయదు కానీ చాలాసార్లు చేస్తుంది. సీను మొదటి డైలాగు వినగానే చివరి డైలాగు మీకు తెలిసిపోతే అది రాతలో లోపం. సీను బాగుండి, విషయం అయిపోయాక కూడా ఇంకా సాగుతూ ఉంటే ఎడిటింగ్‌ని అనుమానించొచ్చు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరు ఎటు చూస్తున్నారో తెలియక తికమక పడితే అది షాట్లు తీయడంలోనో, వాటిని అతకడంలోనో వచ్చిన గొడవ, బయటినుంచి విడదీసి చెప్పడం కష్టం. అలాంటప్పుడు ఎవరి పేరూ ఎత్తకుండా "ఛేజ్‌లో ఏ కారు ముందుందో అర్థం కాలేదు" అని చూసింది చెప్పేయడం క్షేమం. స్క్రీన్‌ప్లే, మేకింగ్, టేకింగ్ అనే మాటలు తెలియనప్పుడు వాడకపోతే పోయేదేమీ లేదు.

నటన విషయంలో డబ్బింగుని గుర్తుపెట్టుకోవాలి. డబ్బింగ్ వెర్షన్లో మీరు విన్న గొంతు వేరే ఆర్టిస్టుది. ఒరిజినల్ భాషలోనూ నటుడికి మరొకరు గొంతు ఇచ్చి ఉండొచ్చు. "గొంతు వణికించిన తీరు అద్భుతం" అని నటుణ్ని మెచ్చుకునే ముందు ఒరిజినల్ ఆడియోలో ఆ సీను ఒక్కటీ పెట్టి వినండి. ఓపిక లేకపోతే కళ్లు, చేతులు, నడక, వీటి గురించే రాయండి, అవి మాత్రం ఖాయంగా ఆయనవే.

కథ ఎంతవరకు చెప్పొచ్చు

మొదటి అరగంటలో తెలిసేది, ట్రైలర్లో చూపించినది చెప్పొచ్చు. అంతకు మించి చెప్పాలంటే ముందు హెచ్చరించాలి. ఇది అందరికీ తెలిసిన నియమమే. కానీ కథ ఒక్క ముక్క చెప్పకుండానే సినిమా పాడుచేసేవాళ్లు ఎక్కువ. "చివర్లో ట్విస్ట్ అదిరింది" అన్నారంటే చదివినవాళ్లు మొదటి నిమిషం నుంచి దాని కోసమే కాపలా కాస్తారు, సగంలోనే పట్టేస్తారు. "ఫలానా నటుడు కాసేపే కనిపించినా మార్కులు కొట్టేశాడు" అన్నా అంతే, ఆయన పాత్ర తొందరగా పోతుందని చెప్పేసినట్టే. "క్లైమాక్స్‌లో ఏడ్చేశాను" అన్నది కూడా ముగింపు ఎటు వెళ్తుందో సగం చెప్పేస్తుంది. చెప్పకుండా ఉండలేకపోతే మెచ్చుకోలుని ముందుకి జరపండి: మొదటి అరగంటలోంచి మంచి సీను ఒకటి ఎంచుకుని దాని గురించి చెప్పండి.

వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు మొదటి లైన్లో సినిమా పేరు, హెచ్చరిక మాత్రమే ఉంచండి. నోటిఫికేషన్లో మొదటి మాటలు అడక్కుండానే కనిపిస్తాయి కదా. అసలు గుట్టుని విడి మెసేజ్‌గా పెట్టినా అది నోటిఫికేషన్లోకి వస్తుంది, కాబట్టి అదే మెసేజ్‌లో బాగా కిందకి తోయాలి. టెలిగ్రామ్‌లో అయితే ఆ వాక్యాన్ని సెలెక్ట్ చేసి ఫార్మాటింగ్‌లో స్పాయిలర్ అని పెడితే ముట్టుకునేదాకా మసకగా ఉంటుంది.

కొలతలు

ఒక్క సినిమాకి 120 నుంచి 200 మాటలు సరిపోతాయి. ఏది, ఎలా చూశారన్నది ఒక లైను, కథ రెండు లైన్లు, ఒక సీను మీద నాలుగైదు, నచ్చనిది ఒకటో రెండో, ఎవరికి పనికొస్తుందో ఒకటి. కథకి సగం స్థలం ఇవ్వడం చాలామంది చేసే పొరపాటు. కథ ఎక్కడైనా దొరుకుతుంది, మీకేమనిపించిందో మీ దగ్గరే ఉంది. వాయిస్ మెసేజ్ అయితే నిమిషంన్నర దాటనివ్వకండి, గుట్టు చెప్పబోయే ముందు ఆపి రెండో మెసేజ్‌గా పంపండి.

ఎవరికి పనికొస్తుంది అన్నచోట "ఫ్యామిలీతో చూడొచ్చు" అంటే ఏ ఫ్యామిలీ అన్న ప్రశ్న వస్తుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి: రక్తం ఎంత ఉంది, బూతులు ఉన్నాయా, పిల్లలు జడుసుకునే సీను ఎన్నో నిమిషంలో వస్తుంది. తీర్పు వాళ్లు చెప్పుకుంటారు.

స్టార్ రేటింగుల మీద పెద్దగా గౌరవం అక్కర్లేదు. ఐదుకి మూడున్నరా, మూడుంపావా అన్న తేడా ఇచ్చినవాళ్లకే మర్నాడు గుర్తుండదు. "వెతుక్కుని చూడండి", "ఎదురుపడితే చూడండి", "వదిలేయండి", ఈ మూడు మెట్లు చాలు. మెట్టు ఎక్కువైతే కారణం తగ్గుతుంది.

వారంలో నాలుగైదు చూసి ఒకేసారి రాసేటప్పుడు చూసిన తేదీల వరుసలో పెట్టకండి. మూడోదాని దగ్గర చదివేవాళ్లు అలిసిపోతారు. వెతుక్కుని చూడాల్సింది ముందు పెట్టి దానికి ఏడెనిమిది లైన్లు ఇవ్వండి, మిగతావాటికి రెండేసి. ఏమీ చెప్పాలనిపించని సినిమాకి పేరు, "ఎదురుపడితే చూడండి" అన్న మాట చాలు. అన్నిటికీ సమానంగా రాయాలని కూర్చుంటేనే "బీజీఎం బాగుంది" లాంటి నింపుడు మాటలు పుడతాయి.

మధ్యలో ఆపేసినవాటి గురించి కూడా రాయొచ్చు, నిజం చెబితే: "52వ నిమిషం దగ్గర ఆపేశాను, అప్పటికి ఎవరికి ఏం కావాలో తెలియలేదు." రేటింగు మాత్రం ఇవ్వకండి, చూడని గంటన్నర గురించి మాట్లాడకండి.

ఎవరైనా మీ మాటకి ఎదురొస్తే ముందు వాళ్లు చూసిన వెర్షను, ఆడియో ఏదో అడగండి. సగం వాదన అక్కడే తేలుతుంది. మిగిలిన సగానికి సీను పేరు చెప్పి, నిమిషం చెప్పి, ఇద్దరూ అదొక్కటీ మళ్లీ చూడండి. చూశాక అభిప్రాయం మారితే పాతది చెరిపేయకండి. దాని కిందే తేదీ వేసి, ఏది చూసి మారిందో రెండు లైన్లు కలపండి.